పది ముళ్లకోసారి ఆయిలు

గడ్డి కోసే బండి సీటు మీద కమ్లి పదకొండేళ్లలో ఒకే ఒక్కసారి కూర్చుంది. కూర్చున్నది గంట సేపు. ఆ గంటకే ఆమె పని ఊడింది. ఊడగొట్టిన కాగితాన్ని టైపు చేసింది నేను. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను. చివర్లో చెబితే అంతవరకూ నన్ను మంచివాడనుకుని చదువుతారు. ఆ మర్యాద నాకు అక్కర్లేదు.

నా పేరు ఏసయ్య. బాన్సువాడ నుంచి వర్నికి పోయే తోవలో అప్పట్లో ఒక చిన్న ప్రైవేటు చెరకు ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడక్కడ గోడలు కూడా మిగల్లేదు కాబట్టి దాని పేరుతో పని లేదు. 1972లో పదో తరగతి పాసై అందులో గుమాస్తాగా చేరాను. మా అమ్మా నాన్నా పరాయివాళ్ల పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసి బతికినవాళ్లు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని పని చేసిన మొదటివాణ్ణి నేనే. ఆ కుర్చీ అంటే నాకు ఎంత పిచ్చో ఈ కథ పూర్తయ్యేలోగా మీకే తెలుస్తుంది.

బండి వచ్చింది 1973 వేసవిలో. మా చైర్మన్ హైదరాబాదులో ఉండేవాడు. అక్కడెవరో దొర దేశం విడిచిపోతూ సామాను అమ్ముకుంటుంటే, ఈయన ముచ్చటపడి దీన్ని కొన్నాడు. చెరకు తోలే లారీలో, కింద గడ్డి పరిచి తెచ్చారు. నాలుగు చిన్న చక్రాలు, ఒక సీటు, ఒక స్టీరింగు, ముందు మూరెడు ఇంజను, కడుపు కింద బోర్లించిన రేకు పళ్లెం, ఆ పళ్లెంలో గిరగిరా తిరిగే మూరన్నర బ్లేడు. కంపెనీ పేరున్న బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. రంగు కూడా సగం పోయింది. అయినా బాన్సువాడ నుంచి జనం సైకిళ్లేసుకుని వచ్చి చూసిపోయారు. అందరూ అడిగింది ఒకటే, ఇది వరి కోస్తదా అని. వరి కోయదు. జొన్న కోయదు. మనిషి తినేదేదీ కోయదు. గెస్టుహౌసు చుట్టూ ఉన్న రెండెకరాల పచ్చగడ్డిని మాత్రం కోస్తుంది. ఆ గడ్డి కూడా బర్రెల కోసం కాదు, చైర్మన్ గారి చుట్టాలు చూసి ఆనందించడం కోసం. చుట్టుపక్కల పల్లెల్లో బోరింగుల దగ్గర బిందెలు వరస కట్టిన ఎండాకాలమది. మా గెస్టుహౌసు గడ్డికి మాత్రం రెండు పూటలా నీళ్లు పట్టేవాళ్లు.

అంతకుముందు ఆ గడ్డిని ఐదుగురు ఆడవాళ్లు కొడవళ్లతో కోసేవాళ్లు. కూలి తక్కువే గానీ కోసిన గడ్డి మోపు కట్టుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. బండి దిగిన మర్నాడు నలుగురిని రావద్దన్నారు. బండి చక్రం పోలేని గోడ వార, చెట్ల మొదళ్ల దగ్గర కోయడానికి ఒకరిని ఉంచారు. ఆమే కమ్లి. పక్క తండా మనిషి, అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. అద్దాలు కుట్టిన గాగ్రా, చేతుల నిండా తెల్ల గాజులు, గేటు అవతలికి కూడా వినబడే గొంతు. మొగుడు భీమ్లా చెరకు కొట్టడానికి మహారాష్ట్ర పోయి, అక్కడే ఇంకొక సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే కమ్లికి ఒళ్లు మండేది.

"పోతే పోయిండు. ఇంజను నేర్పి పోయిండు గద, గదే శాన" అనేది.

అది నిజమే. భీమ్లా అంతకుముందు వర్నిలో ఒక ఆసామి దగ్గర నీళ్లు తోడే ఆయిలింజను చూసేవాడు. సద్ది తీసుకుపోయిన కమ్లి పానాలు అందిస్తూ, బోల్టులు పట్టుకుంటూ, కొన్నాళ్లకు మొగుడు నిద్రపోతుంటే తానే ఇంజను విప్పి బిగించేది.

బండి నడపడానికి పండరిని పెట్టారు. చైర్మన్ కారు డ్రైవరుకు బామ్మర్ది. దెగ్లూరు వైపు మనిషి. జీపు లైసెన్సు ఉంది, ఖాకీ బట్టలున్నాయి, నల్ల కళ్లద్దాలున్నాయి. నడపడం తెలుసు. నడిపేది ఎందుకు నడుస్తుందో తెలియదు. రెండు నెలలకు బండి ఆగిపోయింది. బాన్సువాడ నుంచి స్కూటరు మెకానిక్ వచ్చి, నాలుగు పక్కలా తిరిగి, సామాను ఇంగ్లండు నుంచి రావాలని తేల్చేసి టీ తాగి పోయాడు. మా మేనేజరు రామబ్రహ్మం గారు తల పట్టుకున్నారు. ఆయన తండ్రి కాలువ నీళ్ల కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి వర్ని దగ్గర స్థిరపడిన రైతు. మనిషి చెడ్డవాడేం కాదు. పైవాడంటే వణుకు, కిందివాడంటే మరుపు. అంతే.

గోడ వార గడ్డి కోస్తున్న కమ్లి లేచి వచ్చి, అడక్కుండానే ఇంజను పక్కనున్న డబ్బా మూత విప్పింది. లోపల గాలిని వడపోసే స్పాంజి ముక్క దుమ్ముతో, గడ్డి పొట్టుతో రొట్టెలా గట్టిపడి ఉంది.

"ముక్కు బందయింది సారూ. గాలి లేకుంటె ఎట్ల నడుస్తది?" అంది.

సబ్బు నీళ్లలో పిసికి, నీడన ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిలు అద్ది, పెట్టింది. పండరి ఇంజను స్టార్టు చేసే తాడు గుంజాడు. మొదటి గుంజుకే బండి అందుకుంది. రామబ్రహ్మం గారు పండరి భుజం తట్టారు. నేను కళ్లారా చూశాను, పండరి భుజమే.

అప్పటినుంచి పదకొండేళ్లు ఆ బండిని బతికించింది కమ్లి. ఎలా బతికించిందో చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. పని పూర్తయిన ప్రతిసారీ బండిని రెండిటుకల మీదికి ఎత్తించి, పళ్లెం లోపల అంటుకున్న పచ్చిగడ్డిని చెక్కపేడుతో గీకేది. గీకకపోతే రేకు తుప్పు పట్టి కొరుక్కుపోతుంది. ముందు ప్లగ్గు వైరు పీకి పక్కన పెడితే గానీ బ్లేడు దగ్గరికి చెయ్యి పోనిచ్చేది కాదు. ఒకసారి నేను వంగి చూడబోతే నెత్తి మీద మొట్టింది.

"ఏళ్లు వోతయ్ తమ్మీ! గీ ఏళ్లతోనే గద నువ్వు రాసుకొని బతికేది" అంది.

ప్లగ్గు మొనల మధ్య సందు ఎంతుండాలో ఇనుము కోసే రంపం బ్లేడు పెట్టి చూసేది. అది బిగువుగా దూరితే సరి. బ్లేడును తిప్పే పట్టా తెగితే బాన్సువాడ పిండిగిర్ని వాడి పాత పట్టా తెచ్చి, కొలతకు కోసి, తోలుదారంతో కుట్టేది. స్పాంజి చిరిగిపోతే డిపో వెనక పారేసిన బస్సు సీటు ముక్క తెచ్చి కత్తిరించింది. ఇంగ్లండు నుంచి ఏదీ రాలేదు.

అన్నిటికంటే బ్లేడు పని చూడాలి. చెరకు కత్తికి సాన పట్టినట్టు కాలువ గట్టున రాయి మీద నీళ్లు చల్లుకుంటూ రెండు కొసలూ పట్టేది. తర్వాత జామచెట్టుకు కొట్టిన మేకుకు బ్లేడు నడిమి రంధ్రం తగిలించి, చెయ్యి వదిలి చూసేది. ఒక పక్క కిందికి వాలితే ఆ పక్క బరువన్నమాట. ఇంకాస్త అరగదీసి మళ్లీ తగిలించేది. తక్కెడ ముల్లులా కదలకుండా నిలబడేదాకా వదిలేది కాదు. ఆమె జ్వరంతో రాని ఒక వారంలో పండరి తానే ఒక కొసకు మాత్రం సాన పట్టించి బిగించాడు. బండి వణికిన వణుకుకు సీటు బోల్టులు ఊడి పొదల్లో పడ్డాయి. కమ్లి వచ్చి చూసి, తన భాషలో పండరిని ఏమేం అన్నదో నాకు తెలియదు. పండరికి తెలిసినట్టుంది, రెండు రోజులు ఎదురుపడలేదు.

ఆయిలు లెక్కకు ఆమె దగ్గర ఒక నల్ల దారం ఉండేది. చివర ఒక గవ్వ. బండి గడ్డి మొత్తం ఒకసారి కోస్తే దారానికి ఒక ముడి. పది ముళ్లు పడితే పాత ఆయిలు కార్చి కొత్తది పోసేది, ముళ్లన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టేది. ఆ దారం సీటు కింద వేలాడేది. పండరి అది దిష్టి తాడనుకునేవాడు. శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమ పెట్టేవాడు.

కమ్లికి కావలసిందల్లా ఒక బిళ్ల. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెక్క మీద వరసగా ఇత్తడి బిళ్లలు వేలాడేవి, ఒక్కొక్కదాని మీద ఒక నంబరు. పర్మినెంటు కార్మికుడికే బిళ్ల. బిళ్ల ఉంటే జ్వరమొచ్చినా నెల జీతం వస్తుంది, ఫ్యాక్టరీ దవాఖానలో సూది వేస్తారు, నల్లా ఉన్న క్వార్టరు గది ఇస్తారు, మోకాళ్లు వంగని వయసులో చేతికి ఇంత ఇచ్చి పంపుతారు. బిళ్ల లేనివాళ్లు గేటు బయట నిలబడి, ఎవరిని పిలుస్తారా అని చూస్తుండాలి.

"బిళ్ల ఇస్తె గేటుకు ఏలాడదియ్య తమ్మీ. గిదో, రవికె మీద గీ రూపాయి బిళ్లల నడుమ కుట్టుకుంట. మా తండోళ్లంత జూడాలె" అని నవ్వేది.

పర్మినెంటు కాకుండా చేసే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతిని అమలు చేసిన మహానుభావుణ్ణి కూడా నేనే. రెండు నెలలకోసారి మూడు రోజులు పనిలోంచి ఆపేసినట్టు హాజరు పుస్తకంలో ఎర్రసిరాతో రాయాలి. అలా రాస్తే ఎన్నేళ్లయినా ఆ మనిషి నిన్నమొన్న చేరినట్టే లెక్క. ఆ మూడు రోజులూ కమ్లి రావక్కర్లేదు. అయినా వచ్చేది. బండి ఆరుబయట ఉందనో, పట్టా సాగిందనో వచ్చి, చూసుకుని, కూలి లేకుండా పోయేది. ఆమె కిటికీ అవతల బండి తుడుస్తుంటే నేను ఇవతల కూర్చుని, ఆమె రాలేదని ఎర్రసిరాతో రాసేవాణ్ణి. చెయ్యి ఆగేదా అంటే ఆగేది కాదు. సిరా కూడా ఆగలేదు.

ఒకసారి, 1976లో అనుకుంటాను, పండరి నడుము పట్టేసి రాలేదు. నేను నడిపిస్తానని కమ్లి రామబ్రహ్మం గారిని అడిగింది.

"నీ గాగ్రా చక్రంలో చుట్టుకుంటే ఆ కేసు నా మెడకి చుట్టుకుంటుందమ్మా. సీటు జోలికి మాత్రం పోకు. నీకేం, ఈ దసరాకి బిళ్ల ఇప్పించేస్తానుగా" అన్నారాయన.

ఆ దసరా పోయింది. తర్వాతిదీ పోయింది. ఎనిమిది దసరాలు ఇదే మాట. నాట్లేసేటప్పుడు అదే గాగ్రా మోకాళ్ల పైకి దోపి బురదలో నడిచే మనిషికి అది చక్రంలో చుట్టుకుంటుందట!

1984లో మాత్రం నిజంగానే కాగితం తయారైంది. యూనియన్ వాళ్లు పాత కూలీల సంగతి తేల్చమని కూర్చుంటే, ముగ్గురి పేర్లు చైర్మన్ దగ్గర పెడదామని రామబ్రహ్మం గారు ఒప్పుకున్నారు. దసరా మర్నాడు చైర్మన్ అతిథులతో వస్తున్నాడు, అప్పుడు సంతకం. "కమ్లి, భర్త భీమ్లా, హెల్పరు, బిళ్ల నంబరు 214" అని నేనే టైపు చేశాను. సాయంత్రం ఆమెకు చదివి వినిపించాను. రెండు వందల పద్నాలుగు అన్న మాట మూడుసార్లు పలికించుకుంది. కళ్లనీళ్లు వస్తే మొహం పక్కకు తిప్పి, "పొగ" అంది. అక్కడ పొగ లేదు.

అతిథులు వస్తున్నారు కదా అని దసరాకు ముందురోజే బండిని మొత్తం విప్పి తుడిచింది. స్పాంజి ఉతికి గూట్లో ఆరబెట్టి, ఇంజనుకు గాలి పోయే రంధ్రానికి గుడ్డ చుట్టింది. "పండుగ నాడు పనిముట్టు ముట్టొద్దు. ఎల్లుండి పొద్దుగాల్నే వచ్చి బిగిస్త" అని తండాకు పోయింది.

దసరా నాడు ఫ్యాక్టరీలో పానా నుంచి లారీ దాకా అన్నిటికీ బొట్లు పెడతారు. పండరి స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని, బండికి పూజ మొదలుపెట్టాడు. నేను అక్కడే వరండాలో ఉన్నాను. బానెట్టుకు పసుపు రాశాడు, చక్రాలకు కుంకుమ పెట్టాడు, దారానికి కూడా పెట్టాడు. అంతవరకు ఏ డ్రైవరైనా చేసేదే. తర్వాత గుడ్డ విప్పాడు. రంధ్రం కనబడింది.

"నోరు తెరిచే ఉంది చూడు ఏసయ్యా. పదకొండేళ్లలో దీనికి మనం ఒక్కసారి ప్రసాదం పెట్టలే. పాపం కాదా?" అన్నాడు.

ఆ నోట్లో చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ, ఇంత బెల్లం ముక్క వేసి, కొబ్బరికాయ కొట్టి నీళ్లు పోశాడు. భక్తిగానే పోశాడు, కళ్లు మూసుకుని మరీ పోశాడు. నేను వద్దనలేదు. నాకు తెలియకపోలేదు. స్పాంజి ఎందుకు ఉతుకుతారో పదకొండేళ్లుగా చూస్తున్నవాణ్ణి. పూజ దగ్గర ఏసయ్య అడ్డమొచ్చాడని మాట పడటం ఇష్టం లేక ఊరుకున్నాను. తర్వాత చక్రం కింద నిమ్మకాయ పెట్టి, అది తొక్కించాలి కదా, తాడు గుంజాడు. ఇంజను ఆ ప్రసాదమంతా లోపలికి పీల్చుకుని, రెండుసార్లు దగ్గి, నిమ్మకాయ తొక్కి, చచ్చింది. పండరి దానికి దండం పెట్టి, జమ్మి ఆకు తెంపుకుని, దెగ్లూరు బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి రామబ్రహ్మం గారు చూస్తే గడ్డి జానెడు పెరిగి ఉంది, బండి పలకదు, పండరి లేడు. చైర్మన్ పదకొండుకు వస్తాడు. నన్ను తండాకు తరిమారు. కమ్లి ఇంటి ముందు పొయ్యి మీద వేటకూర ఉడుకుతోంది. సంగతి వినగానే గరిటె పక్కన పడేసి నా సైకిలు వెనక ఎక్కింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. పండరిని, రామబ్రహ్మాన్ని, ఆపకుండా నిలబడి చూసిన నన్ను.

"నువ్వు సూసుకుంట నిలవడ్డవా? నీ నోట్లె గూడ బెల్లం వెట్టిండ్రా?" అంది.

వచ్చి కార్బరేటర్ ఊడదీసింది. లోపల పసుపు పచ్చని జిగురు. పెట్రోలుతో కడిగి, సన్నరంధ్రాల్లో సూది పెట్టి, నోటితో ఊది, ప్లగ్గు తుడిచి, టాంకీ కార్చి కొత్త పెట్రోలు పోసి, గూట్లోని స్పాంజి తెచ్చి బిగించింది. బానెట్టు మీద పసుపు కూడా తుడిచేసింది. ఆయిలు పుల్ల తీసి చూసి, వాసన చూసి, పరవాలేదంది. తొమ్మిదిన్నరకు తాడు గుంజింది. పొగ కక్కి, దగ్గి, అందుకుంది.

ఇప్పుడు నడిపేదెవరు? రామబ్రహ్మం గారు వాచీ చూసుకున్నారు, గేటు వైపు చూశారు, నన్ను చూశారు. నాకు నడపడం రాదు. ఆయన కమ్లి వైపు తిరిగి అన్న మాట పదం పదం నాకు గుర్తుంది.

"ఎక్కమ్మా, నువ్వే ఎక్కు. వాళ్లు వచ్చేలోగా కానిచ్చెయ్. నేను చెబుతున్నాగా!"

కమ్లి ఒక్క క్షణం సీటు వైపు చూసింది. చెయ్యి గాగ్రాకు తుడుచుకుంది. గాగ్రాను కాళ్ల మధ్య నుంచి వెనక్కు దోపి, ఎక్కి కూర్చుంది. మొదటి సాలు వంకరపోయింది. రెండోది కుదిరింది. మూడో సాలు నుంచి తాడు పట్టి గీసినట్టే పోయింది. నడుం నిటారుగా పెట్టి, ఎద్దును అదిలించినట్టు "చల్, చల్" అంటూ, మలుపు తిరిగిన ప్రతిసారీ ఎండకు గాగ్రా అద్దాలు మెరుస్తుంటే, కమ్లి ఆ రెండెకరాలూ కోసింది. పండరి మూడు గంటలు చేసే పని గంటలో చివరి సాలుకు వచ్చింది. ఆమె మొహంలో ఆ రోజు చూసిన సంతోషం నేను మళ్లీ ఏ మొహంలోనూ చూడలేదు.

చైర్మన్ అరగంట ముందే వచ్చాడు. మూడు కార్లు. దిగిన అతిథుల్లో ఒకాయన కమ్లిని చూసి పగలబడి నవ్వి, కెమెరా తీశాడు. "ఏమండీ, ఫ్యాక్టరీ పెట్టారా, సర్కస్ పెట్టారా?" అన్నాడు. అందరూ నవ్వారు. చైర్మన్ మొహం మాడిపోయింది.

"ఎవరెక్కమన్నారు దాన్ని?" అని అడిగాడు.

"నేను చెప్పలేదండీ. ఆవిడే..." అని, రామబ్రహ్మం గారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా ఏసయ్యా, నువ్విక్కడే ఉన్నావుగా. నేను ఎక్కమన్నానా?"

ఇంజను చప్పుడులో కమ్లికి ఇవేవీ వినబడలేదు. ఆమె గడ్డి చివర మలుపు తిరుగుతూ మా వైపు చూసి చెయ్యి ఊపింది.

"లేదు సార్" అన్నాను.

రెండే మాటలు. ఇన్నేళ్లు గడిచినా తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది. నాకప్పుడు ముప్పైమూడేళ్లు. ఇద్దరు పిల్లలు. అవతల కుర్చీ. ఇవన్నీ ఉన్న మగాళ్లలో నిజం చెప్పినవాళ్లు లేరా? ఉన్నారు. నేను చెప్పలేదు.

మధ్యాహ్నం సంతకానికి పెట్టిన కాగితాల్లో ఇద్దరివి సంతకమై వచ్చాయి. మూడోది చింపి బుట్టలో వేశారు. అదే టైపు మిషను మీద ఇంకో కాగితం కొట్టమన్నారు: "అనుమతి లేకుండా యంత్రమును నడిపి, సంస్థకు అప్రతిష్ఠ తెచ్చినందున తొలగించడమైనది." అప్రతిష్ఠ అనే మాటకు స్పెల్లింగు సరిగ్గా పడిందా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. అదీ నా నిజాయితీ.

సాయంత్రం నాలుగింటికి కమ్లిని పిలిచాను. అప్పటికే పళ్లెం గీకి, బండిని షెడ్డులో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. కాగితం ముందుకు తోశాను. చదివి వినిపించలేదు.

"ఏం కాయితం తమ్మీ?"

"ఆఫీసు కాయితం అక్కా. నిశానీ పెట్టు."

ఆమె నా మొహంలోకి చూసింది. కాగితంలోకి చూడలేదు. బొటనవేలు సిరాలో ముంచి, నేను చూపించిన చోట నిదానంగా ఒత్తింది. వేలు తుడుచుకుని, రొండిన దోపుకున్న నల్ల దారం తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఆరు ముళ్లున్నయ్. ఇంక నాలుగు పడంగనే ఆయిల్ మార్చాలె. పండరికి యాదిజేయి. పసుపు నీళ్లు లోపలికి వోయినయ్, ఈసారి గిట్ల ఆలస్యం జేస్తె ఇంజను పట్టేస్తది."

బిళ్ల కాగితమనే అనుకుని ఉంటే దారం నాకెందుకిస్తుందని ఆ క్షణాన నాకు తట్టలేదు. తట్టకూడదనుకున్నాను కాబట్టి తట్టలేదు. మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడట. గొడవ చేయలేదట. ఆ గొంతున్న మనిషి ఒక్క మాట అనకుండా వెనక్కి పోయిందని వాచ్‌మనే ఆశ్చర్యపోయాడు.

దెగ్లూరు నుంచి వచ్చిన పండరి, పూజ చేసిన పసుపు తుడిచినందుకే దేవుడు దాన్ని శిక్షించాడని క్యాంటీన్లో చెప్పుకు తిరిగాడు. దారం అతనికి ఇవ్వలేదు. మాటా చెప్పలేదు. దాన్ని నా సొరుగులో పెట్టుకున్నాను. బండి పాడవ్వాలని కోరుకున్నానా? కోరుకున్నాను. చేతనైన న్యాయం చేయలేనివాడు ఇలాంటి దొంగచాటు కక్షలే తీర్చుకుంటాడు. దానివల్ల కమ్లికి ఒరిగిందేమీ లేదు.

సంక్రాంతి పోయిన వారానికి ఇంజను పట్టేసింది. విప్పితే ఆయిలు స్థానంలో తారు లాంటి మడ్డి. రామబ్రహ్మం గారు నన్ను పిలిచి, కమ్లి సరిగ్గా చూడకపోవడం వల్లే పాడైందని రిపోర్టు రాయమన్నారు. ఈసారి నేను రాయలేదు. ఎదురు నిలబడ్డానని అనుకోకండి. జ్వరమని చెప్పి మూడు రోజులు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఇంకో గుమాస్తా రాశాడు. మూడు రోజులకూ నా జీతం నాకొచ్చింది. బిళ్ల ఉంది కదా.

బండి దాదాపు రెండేళ్లు షెడ్డు వెనక వానలో నానింది. దాని సీటు మీద కోళ్లు పడుకునేవి. 1986లో పాత ఇనుము కింద లారీకెత్తారు.

ఆ మరుసటేడు ఎండాకాలం బాన్సువాడ బస్టాండులో కమ్లి కనబడింది. పిట్లం బస్సు కోసం నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. చేతిలో కొడవలి, నెత్తిన సద్దిమూట. ఎక్కడో కూలికి పోయి వస్తోంది. తప్పించుకుని పోదామనుకున్నాను గానీ ఆమే చూసింది.

"మంచిగున్నవా తమ్మీ? పిల్లలు మంచిగున్నరా?"

"ఉన్నరక్కా."

తిట్టలేదు, ఏడవలేదు. ఆమె అడిగింది ఇదీ:

"నాలుగు ముళ్లు వడ్డంక ఆయిల్ మార్చిండ్రా?"

నా నోరు ఆలోచించలేదు. దానికి అలవాటే కదా.

"మార్చిండ్రక్కా. బండి మంచిగ నడుస్తుంది."

కమ్లి నెత్తి మీది మూట దించి కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది, ఆ రోజు కాగితం ముందు చూసినట్టే.

"నిరుడు పిట్లం తొవ్వల లారీ మీద వోతుంటె జూసిన దాన్ని. చక్రాలు మీదికి వెట్టి, తాళ్లతోని కట్టి పట్కవోతుండ్రు. బ్లేడు సుత తియ్యలే, అట్లనే తుప్పువట్టి ఉండె" అంది. ఆమె గొంతు పెరిగింది. బస్టాండులో నలుగురు తిరిగి చూశారు. "గా దినం కాయితంల ఏమున్నదో నాకెర్కనే. బిళ్ల కాయితం సదివి ఇనిపిచ్చినవ్, గది సదవలే. పిల్లలున్నోడు, నౌకరి వోతదని భయపడ్డడు, కాయితం మీద అబద్ధం రాసిండు, రాస్తె రాసిండు అనుకున్న. నోటితోని సుత గింత అల్కగ చెప్తవా తమ్మీ?"

బస్సు వచ్చింది. ఆమె మూటెత్తుకుని, జనాన్ని తోసుకుంటూ ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని మళ్లీ నా వైపు తిరగలేదు.

అంతకంటే ముందే, ఆమె చివరి సాలు కోస్తూ నాకు చెయ్యి ఊపినప్పుడే, నోటితో కూడా అబద్ధం చెప్పానని ఆమెకు తెలియదు. బస్సు వెనక పరుగెత్తి ఆ సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆరు ముళ్ల దారం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.